అడ్మిరల్ గారి ఆఖరి మాట

మా మావయ్య గుమ్మం దాటేటప్పుడు తల వంచేవాడు. ఈ సంగతికి చరిత్రలో దక్కవలసిన చోటు ఇంతవరకూ దక్కలేదు. సామ్రాజ్యాలు ఎందుకు కూలాయో, ఏ రాజు ఏ రాజు మీద ఎందుకు అలిగాడో తేల్చడానికి మహామహా పండితులు కళ్లజోళ్లు అరగదీసుకున్నారు గానీ, పొట్టిగా దిమ్మలా ఉండే ఒక మనిషి నిలువెత్తు గుమ్మం కింద తల ఎందుకు వంచాలన్న ప్రశ్న వాళ్లలో ఒక్కరి బుర్రకూ తట్టలేదు. ఆయన నెత్తికీ ద్వారబంధానికీ మధ్య ఓ మోస్తరు సూట్‌కేసు పట్టేంత ఖాళీ ఉండేది. అయినా వంచేవాడు. వంచి ఊరుకోకుండా కుడికాలు మోకాటి ఎత్తుకు లేపి, అక్కడ లేని గడపను దాటేవాడు. పడగ్గదిలోకి వెళ్లినా అదే తంతు, బ్యాంకులోకి వెళ్లినా అదే తంతు. ఒకసారి మంగలి షాపులో గుమ్మానికి తలుపే కాదు, గోడ కూడా తీసేసి మరమ్మతు చేస్తుంటే, ఆ బట్టబయలు మధ్య కూడా తల వంచి కాలెత్తి లోపలికి వెళ్లాడని చూసినవాళ్లు చెబుతారు.

దీనిమీద మా వీధిలో రెండు సిద్ధాంతాలు పుట్టి, పెరిగి, పెద్దవై, ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా బతికాయి. మొదటిది మా అమ్మది. మావయ్యకి ఆవిడ స్వయానా అక్క. "నోటితో దేవుణ్ణి ఎంత తిడితే ఏం? మెడ మాత్రం వాడి మాట వినదు. గుమ్మం కనబడితే దానంతటదే వంగుతుంది. లోపల భక్తి లేకపోతే ఎందుకు వంగుతుంది?" అనేది. రెండోది సైన్సు మాస్టారిది. ఉద్యోగం నుంచి విశ్రాంతి పుచ్చుకుని, మా ఊళ్లో స్వతంత్ర ఆలోచనాపరుల సంఘం పెట్టి, దానికి అధ్యక్షుడూ కార్యదర్శీ, చాలా ఆదివారాలు ప్రేక్షకుడూ తానే అయిన మనిషి. "ఓడల్లో తలుపులు పొట్టివి, గడపలు ఎత్తు. నెత్తి రెండుసార్లు పగిలితే మెడ జన్మంతా గుర్తుపెట్టుకుంటుంది. ఇందులో దేవుడికి పనేముంది?" అనేవారు.

మావయ్యని అడిగితే ఒకటే జవాబు.

"గుమ్మాలు మీవి. తల నాది. మధ్యలో మీకేంటి నష్టం?"

వీధివాళ్లు ఆయన్ని అడ్మిరల్ అని పిలిచేవారు. నిజానికి నావికాదళంలో ఆయన ఇంజిన్ గది మెకానిక్కు. అడ్మిరల్‌కీ మెకానిక్కుకీ మధ్య దూరం ఓడ నెత్తికీ అడుగుకీ ఉన్నంత ఉంటుంది. ఆ దూరం తగ్గించాలని ఆయన ఎప్పుడూ ప్రయత్నించలేదు, వీధివాళ్ల పొరపాటు దిద్దాలనీ ప్రయత్నించలేదు. "పిలిచేవాళ్ల నోరు నొప్పెట్టనీ" అనేవాడు.

చిన్నతనంలో ఇంట్లోంచి వెళ్లిపోయి నావికాదళంలో చేరాడు. ప్రార్థనకి కూర్చోనన్నందుకు తండ్రి చెంప పగలగొడితే అలిగి వెళ్లాడని మా అమ్మ కథనం. "రోజూ భోజనం పెడతామన్నారు, వెళ్లాను" అని ఆయన కథనం. ఆ తర్వాత ఏళ్లకేళ్లు ఏ ఓడ మీద ఉన్నాడో, ఏ తీరాలు చూశాడో, ఎవరితో యుద్ధం చేశాడో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయేసరికి వీధి తనంతట తాను చెప్పుకోవడం మొదలుపెట్టింది. శత్రువుల ఓడని ముంచాడని కిరాణా కొట్టు ఆయన రూఢిగా నమ్మేవాడు. ఓసారి ధైర్యం చేసి అడిగేశాడు కూడా.

"నిజమేనా అండీ, మీ చేతుల మీదుగా ఒకటి మునిగిందట?"

"మునిగింది. నా టీ కప్పు."

"అది కాదండీ. సముద్రం మధ్యలో ఉంటే ఎలా ఉంటుందో…"

"నాకేం తెలుసు? నేను ఇంజిన్ గదిలో ఉన్నాను."

ఇంత గుట్టుగా ఉండే మనిషికి విధి ఒక అన్యాయం చేసింది. విధి అనకూడదు, ఒప్పుకోడు, ఇంజిన్లు చేశాయందాం. ఆ మోత మధ్య ఏళ్ల తరబడి అరిచి అరిచి, ఆయన గొంతుకి ఒకటే స్థాయి మిగిలింది. రహస్యం చెబుదామని అత్తయ్య చెవి దగ్గరికి వంగి గుసగుసగా ఏదో అంటే ఎదురింటివాళ్లు "ఔను, నిజమే" అని ఒప్పుకునేవారు. పెళ్లయిన కొత్తలో ఆయన అత్తయ్యతో ఏవో ముద్దు మాటలు చెబుతుంటే వీధి చివర ఎవరో దగ్గారట. ఆ రోజుతో ఆయనకి జ్ఞానోదయమైంది. చెబితే ఊరందరికీ చెప్పినట్టే గనక, సొంత విషయాలేవీ చెప్పకుండా ఉండటమే మార్గమని తీర్మానించుకున్నాడు. లోకం దాన్ని గాంభీర్యం అనుకుంది.

అత్తయ్య టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. అందరి మాటలూ వినడం, ఎవరికీ చెప్పకపోవడం ఆవిడ జీతానికి చేసే పని. వాళ్ల పరిచయం కూడా తీగ మీదే జరిగింది. ఓడ రేవులో ఆగినప్పుడు మావయ్య మా అమ్మకి ట్రంక్‌కాల్ చెయ్యబోయాడు. లైను కలిపిన అమ్మాయి, "కాస్త మెల్లగా మాట్లాడండి సార్. ఇలా అయితే మీకు ఫోనెందుకు, కిటికీ తీస్తే చాలు" అంది. మావయ్య ఆ తర్వాత ప్రతి రేవు నుంచీ ఫోన్ చేశాడు. మా అమ్మకి కాదు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి పెళ్లి చేసుకున్నారు. సాక్షులు ఇద్దరూ అక్కడ వేరే పనిమీద వచ్చినవాళ్లు. మంత్రం లేదు, ప్రార్థన లేదు, అక్కకి పిలుపు లేదు. మొదటి రెండింటినీ మా అమ్మ క్షమించింది.

వాళ్ల ఇల్లు చూడవలసిన వస్తువు. అందులో కదలగలిగేదేదీ కదలకుండా ఏర్పాటు చేశాడాయన. చక్కెర డబ్బా అల్మారాకి తాడుతో కట్టి ఉండేది. గొడుగు గోడకి కట్టి ఉండేది. గడియారానికి నాలుగు మూలలా స్క్రూలు. భోజనాల బల్ల చుట్టూ కుర్చీలకి కొక్కేలు. తెలియక వచ్చిన అతిథి మర్యాదగా కుర్చీ లాగబోతే కుర్చీ రాదు, అతిథే కుర్చీ వైపు వెళ్లేవాడు. మా అమ్మ ఓసారి పళ్లు కొరికి అడిగింది.

"ఇది ఓడ కాదురా, ఇల్లు. ఇల్లు ఎక్కడికైనా వెళ్తుందా?"

"ఇప్పటిదాకా వెళ్లలేదు. చూశావా మరి, కట్టేసిన ఫలితం."

నావికాదళం వదిలాక పట్నంలో పెద్ద లాండ్రీలో బాయిలర్ చూసే పనిలో కుదిరాడు. హోటళ్ల దుప్పట్లూ ఆస్పత్రుల దుప్పట్లూ గుట్టలుగా వచ్చిపడే చోటు. ముందు ఇస్త్రీ హాలు, వెనక ఉతికే గది, ఇంకా వెనక, ఎవరికీ కనబడని మూల, బాయిలర్ గది. ఎవరికీ కనబడని మూల అనేసరికి ఆయన జీతం ఎంతని కూడా అడగలేదట. అక్కడ పైపుల మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు, నాడి చూసే డాక్టరులా. యజమాని ఒకసారి యంత్రాల క్షేమం కోసం బాయిలర్ గదిలో ప్రార్థన చేయిద్దామని ఒక పూజ్యుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. మావయ్య అడ్డు చెప్పలేదు. మర్యాదగా పక్కకి తప్పుకుని, "చెయ్యండి. ఆ వాల్వు దగ్గర మాత్రం చెయ్యి పెట్టకండి. దానికి భక్తులెవరో, నేనెవరో తేడా తెలీదు" అన్నాడు. ప్రార్థన చాలా క్లుప్తంగా ముగిసింది.

అలాగని మాస్టారి సంఘంలోనూ చేరలేదు. మాస్టారు ఆయన వెంట చాలాకాలం పడ్డారు. ఊళ్లో దేవుణ్ణి నమ్మనని అంత గట్టిగా, అంటే అక్షరాలా అంత గట్టిగా, చెప్పగలిగిన మనిషి ఇంకొకడు లేడు మరి.

"అడ్మిరల్, మనలాంటివాళ్లం ఒకచోట చేరాలి. ప్రతి ఆదివారం కలిసి, మన సూత్రాలు చదువుకుని…"

"ప్రతి ఆదివారం కలిసి చదువుకునేవాళ్ల దగ్గర్నుంచే కదండీ మాస్టారూ నేను పారిపోయింది."

"ఇది వేరు. ఇక్కడ ఏదీ గుడ్డిగా నమ్మక్కర్లేదు."

"అయితే మిమ్మల్ని మాత్రం ఎందుకు నమ్మాలి?"

మాస్టారు ఆ ప్రశ్నని సంఘంలో చర్చకి పెట్టారు. ఇంకా తేలలేదు.

ఊపిరితిత్తులు మొరాయించి ఆస్పత్రిలో చేరేదాకా ఆయన జీవితం ఇలా ఎవరికీ దొరక్కుండా సాగింది. చేర్చుకునేటప్పుడు నర్సు వివరాలడుగుతూ "మతం?" అంది. "ఆ జబ్బు లేదమ్మా, ఊపిరితిత్తులే" అన్నాడు. నర్సు నవ్వాపుకోలేక వార్డు బయటికి వెళ్లి నవ్వి వచ్చింది. కిటికీ పక్కన మంచం ఇచ్చారు. రెండో పూటకల్లా పక్కనున్న బల్ల మీద గ్లాసు, సొరుగులో దువ్వెన, తలవైపు కళ్లజోడు, అన్నీ దేనికో దానికి కట్టేసి ఉన్నాయి.

ఆ రోజుల్లోనే అత్తయ్య దగ్గర ఒక మాట తీసుకున్నాడు. ఆయన గుసగుసగానే అడిగాడు, వార్డంతా విన్నది.

"చావంటే నాకేం లేదు. ఇంజిను ఆగిపోతుంది, అంతే. కానీ ఆగేముందు కొన్ని ఇంజిన్లు పిచ్చిపిచ్చిగా కొట్టుకుంటాయి. అట్లా తల పోయి, నేను నోటికొచ్చినట్టు వాగితే మాత్రం నువ్వు పక్కనుండు. ఇంకెవర్నీ దగ్గరికి రానివ్వకు. ముఖ్యంగా మా అక్కని. నేను దోమ అంటే అది దేవుడంటుంది."

"ఉంటాను. మీరు నోరు మూసుకుని పడుకోండి" అంది అత్తయ్య.

ఉంది కూడా. కుర్చీలోనే కూర్చుని, కుర్చీలోనే కునికి, ఆయన దగ్గితే లేచి. చివరికి ఒక మధ్యాహ్నం ఆయనే కసిరాడు. "నీ మొహం చూస్తుంటే నేను రోగినని గుర్తొస్తోంది. ఇంటికిపోయి స్నానం చేసి పడుకో. అమ్మాయీ అల్లుడూ ఉన్నారుగా." ఆయనకి ఆ పూట కాస్త తేలిగ్గా ఉంది. అత్తయ్య వెళ్లింది. తల తుడుచుకుంటూ ఉండగా ఫోన్ వచ్చింది.

కాబట్టి చరిత్ర సమస్తం ఇప్పుడు అల్లుడి మీద ఆధారపడింది. అల్లుడు చాలా మంచివాడు. కళ్లజోళ్ల షాపు. రోజంతా ఎదుటివాళ్ల ముక్కు మీద ఒక ఫ్రేము పెట్టి "ఇదీ బాగుందండీ", ఇంకొకటి పెట్టి "అదీ బాగుందండీ" అనడం వృత్తి. దాంతో కాదనడమనే విద్య అతనికి అబ్బలేదు. ఆ మధ్యాహ్నం అతను మంచం కాళ్లవైపు ఆనుకుని కూర్చున్నాడు. భార్య, అంటే మావయ్య కూతురు, టీ తేవడానికి కిందకి వెళ్లింది. మావయ్య కళ్లు తెరిచి, తన మామూలు గొంతులో పదోవంతు గొంతుతో, అంటే మనందరి గొంతుతో, ఇలా అన్నాడు.

"కదులుతోంది. ఎవడో సరిగ్గా బిగించలేదు."

"ఏంటి మావయ్యగారూ?" అన్నాడు అల్లుడు.

మావయ్య అతనివైపు, నీకు చెప్పి లాభం లేదన్నట్టు చూశాడట. కళ్లు మూసుకున్నాడు. కూతురు టీ తెచ్చేసరికి అయిపోయింది.

అల్లుడు ఈ మాట మొదట మా అమ్మకి చెప్పాడు. ఆ తర్వాత జరిగినదానికి అతన్ని తప్పుపట్టలేం. వానకి మొదటి చినుకుని తప్పుపట్టగలమా. మా అమ్మ వసారాలో కూర్చుని కళ్లొత్తుకుంటున్నదల్లా ఆగింది.

"కదులుతోంది అన్నాడా?"

"అన్నారండీ."

"ప్రాణం బాబూ అది. దేహంలో బిగించి ఉన్న ప్రాణం వదులవుతుంటే తెలిసింది వాడికి. ప్రాణమనేది ఒకటుందని ఒప్పుకున్నాడు ఆఖర్న. పైకి చూస్తూ అన్నాడు కదూ?"

"పైకేనండీ" అన్నాడు అల్లుడు. ఇదీ బాగుందండీ.

సాయంత్రానికి మాస్టారికి తెలిసింది. మాస్టారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"ఓడ. ఓడ కదులుతోందన్నాడు. నావికుడు మరణాన్ని ఎలా చూడాలో అలా చూశాడు. ఆ రెండో మాట చూశావా? ఎవడో సరిగ్గా బిగించలేదు. ఈ విశ్వం ఎవడో పనిమంతుడు చేసిన సరుకని చెప్పేవాళ్లకి ఇంతకంటే చెంపపెట్టుందా? చచ్చేముందు కూడా తనిఖీ చేసి, తప్పు పట్టి వెళ్లాడు. కిటికీ వైపు, దూరంగా చూస్తూ అన్నాడు కదూ?"

"కిటికీ వైపేనండీ." అదీ బాగుందండీ.

ఇక చూసుకోండి. పరామర్శకి వచ్చినవాళ్లు ముందుగదిలో మా అమ్మ దగ్గర ఆస్తికులై, వరండాలో మాస్టారి దగ్గర నాస్తికులై, చెప్పులేసుకునేచోట ఎటూ కాకుండా అయోమయంలో ఇళ్లకి వెళ్లేవారు. కిరాణా కొట్టు ఆయన మాత్రం తన సొంత వ్యాఖ్యానం తెచ్చాడు: అది కచ్చితంగా ఆ రోజు ముంచిన శత్రువుల ఓడేనని.

అత్తయ్య వంటింట్లో ఉండేది. వచ్చినవాళ్లందరికీ టీ పెట్టేది. ఎవరి వ్యాఖ్యానం మీదా మాట్లాడలేదు. మూడోనాడు డాక్టరు దగ్గరికి వెళ్లింది. స్కూటరు మీద నేనే తీసుకెళ్లాను.

"ఆయన తెలివిలోనే ఉన్నారా డాక్టరుగారూ, ఆఖర్న?"

డాక్టరు దయగల మనిషి. మెత్తగా చెప్పాడు. "రక్తంలో ప్రాణవాయువు తగ్గిపోతుందమ్మా. మందులు కూడా. ఏవేవో కదులుతున్నట్టు, ఎక్కడో ఉన్నట్టు అనిపిస్తుంది. ఆయన ఓడలో పనిచేశారు కదా, ఓడలో ఉన్నాననుకుని ఉంటారు. చాలా సహజం. బాధేం తెలిసి ఉండదు."

బయటికొచ్చాక అత్తయ్య స్కూటరెక్కలేదు. అక్కడే నిలబడి కొంగు కొసని చుట్టి విప్పింది.

"అంటే తల పోయింది."

"అది కాదత్తయ్యా, డాక్టరు ఏమన్నాడంటే…"

"ఏమన్నాడో విన్నాను. జీవితమంతా వినడమే కదా నా ఉద్యోగం. ఆయన అడిగింది ఒక్కటే. తల పోయినప్పుడు పక్కనుండమన్నాడు. నేను ఇంటికెళ్లి నెత్తిమీద నీళ్లు పోసుకున్నాను."

"ఆయనే కదా వెళ్లమన్నది."

"ఆయన వెళ్లమన్న ప్రతిసారీ వెళ్లానా ఏంటి ఎప్పుడైనా?"

నేను స్కూటరు స్టార్టు చేశాను. అప్పట్నుంచి ఆవిడ ఎవరైనా ఆ మాట ఎత్తితే గిన్నెల చప్పుడు పెంచేది. మా అమ్మ ప్రాణం అన్నా, మాస్టారు విశ్వం అన్నా, ఆవిడకి వినబడేది మాత్రం ఒకటే: తన మొగుడు మతి తప్పి మాట్లాడాడని, దాన్ని ఊరంతా పంచుకుంటోందని.

సంస్మరణ సభ ఆదివారం లాండ్రీలో పెట్టారు. ప్రార్థనా మందిరంలో పెడదామని మా అమ్మ, సంఘం గదిలో పెడదామని మాస్టారు పట్టుబడితే, యజమాని ఇస్త్రీ హాలు ఇచ్చి సంధి కుదిర్చాడు. ఇస్త్రీ బల్లలు గోడకి జరిపారు. కుర్చీలు వేశారు. గోడల నిండా తడిబట్టల వాసన. పెద్ద ఇస్త్రీపెట్టెలు వరసగా కొక్కేలకి వేలాడుతూ సభికులకంటే ఎక్కువ గంభీరంగా ఉన్నాయి.

నావికాదళంలో మావయ్యతో కలిసి పనిచేసిన మనిషి ఒకాయన ఎక్కణ్ణుంచో వచ్చాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఇన్నాళ్లకి ఆ ఓడ ఏదో, ఆ యుద్ధం ఏదో తేలబోతోంది. కిరాణా కొట్టు ఆయన ముందు వరుసలోకి మారాడు. వచ్చినాయన లేచి, కాస్త తల వంచి మైకు దగ్గరికొచ్చి, "వాడు మంచి మెకానిక్కు" అన్నాడు. ఆగి, ఆలోచించి, "ఇంతకంటే చెబితే వాడికి నచ్చదు" అని వెళ్లి కూర్చున్నాడు.

మా అమ్మ మాట్లాడింది. మాస్టారు మాట్లాడారు. మా అమ్మ మళ్లీ మాట్లాడింది. మాస్టారు, "పెద్దావిడ కనక గౌరవిస్తాను గానీ" అని మొదలుపెట్టి, గౌరవాన్ని అక్కడే వదిలేశారు. చివరికి సాక్షిని పిలిచారు. అల్లుడు ఉతికిన చొక్కాలో, వాడిన మొహంతో లేచాడు.

"చెప్పు బాబూ. పైకి చూశాడా లేదా?"

"చూశారండీ."

"కిటికీ వైపు చూశాడన్నావు కదయ్యా నాతో?"

"అటూ చూశారండీ."

"ఏంటండీ, మా తమ్ముడికేమైనా మెల్లకన్నా?" అంది మా అమ్మ మాస్టారితో.

యజమాని మళ్లీ సంధి కుదిర్చాడు. అర్థమేదైనా మాట మాత్రం మహత్తరమైనది కనక, ఆ మాటని పాలరాయి మీద చెక్కించి బాయిలర్ గది గోడకి పెట్టిస్తానన్నాడు. ఖర్చు తనదే. పైన పేరు, కింద ఆఖరి మాట. బంగారు రంగు అక్షరాలు. ఎవరికి ప్రాణం కావాలంటే వాళ్లకి ప్రాణం, ఎవరికి ఓడ కావాలంటే వాళ్లకి ఓడ. హాలంతా చప్పట్లు కొట్టింది. మా అమ్మా మాస్టారూ ఎన్నో ఏళ్ల తర్వాత ఒకేసారి తలూపారు. రాతిపని చేసేవాడికి అక్కణ్ణుంచే ఫోన్ చేసి చెప్పారు.

"ఏమంటావమ్మా?" అని మాస్టారు అత్తయ్యని అడిగారు.

"పిచ్చిమాటలని రాళ్లమీద చెక్కుతారా అన్నగారూ?" అంది అత్తయ్య.

అంతా దాన్ని దుఃఖంలో అన్న మాటగా తీసుకున్నారు. దుఃఖంలో ఉన్నవాళ్ల మాటలని అలా తీసుకోవడం మర్యాద. మా అమ్మ దగ్గరికొచ్చి భుజమ్మీద చెయ్యి వేసింది. "ఊరుకో. వాడి ఆఖరి మాట నలుగురూ చదువుకుంటారు. మంచిదే కదా." అత్తయ్య ఆ చెయ్యి తియ్యలేదు, ఉంచుకోనూ లేదు. "ఇంటికెళ్తా వదినా" అంది.

స్కూటరు మీద సగం దూరం వచ్చాక వీపు మీద తట్టింది.

"ఆస్పత్రి వైపు తిప్పు. ఆయన ఫ్లాస్కు అక్కడే ఉండిపోయింది."

"ఫ్లాస్కుకేమొచ్చింది అత్తయ్యా, ఇప్పుడు? రేపు నేను తెస్తాగా."

"నువ్వు నడుపు."

వార్డులో ఎవరూ మమ్మల్ని ఆపలేదు. కిటికీ పక్క మంచం మీద ఇప్పుడు కాలికి పెద్ద కట్టుతో ఒక లావాటి మనిషి ఉన్నాడు. మొహం చూస్తే కాలు విరగకముందు నుంచే కోపంలో ఉన్నట్టుంది. ఫ్లాస్కు అక్కడే ఉంది. మంచం కాళ్లవైపు కమ్మీకి తాడుతో కట్టి ఉంది. విప్పడానికి నర్సులు ప్రయత్నించి, వార్డుబాయ్ ప్రయత్నించి, చివరికి మంచంలో భాగమని ఒప్పుకుని వదిలేశారట.

"మీదేనా అది?" అన్నాడు లావాటాయన. "కత్తెర తెండి కత్తిరిద్దామంటే ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. చనిపోయినాయన ముడి అంది. నేను కాలు చాపినప్పుడల్లా తగులుతోంది."

"క్షమించండి. ఇప్పుడే తీసేస్తాను" అంది అత్తయ్య.

ఆ ముడులు ఆవిడకి తెలుసు. చక్కెర కావాలన్నా ఒక ముడి విప్పవలసిన ఇంట్లో కాపురం చేసిన మనిషి. మంచానికి నడుం ఆనించి, వంగి, తాడు కొస వెతుక్కుని లాగింది. ముడి విడిపోయింది. దాంతోపాటు ఆవిడ ఆనుకున్న మంచం, మనిషితో సహా, మెల్లగా బెత్తెడు దూరం జరిగింది.

అత్తయ్య ఫ్లాస్కు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"చూశారా?" అన్నాడు లావాటాయన. ఆయన గొంతులో ఆనందం లాంటిది వినబడింది. "చూశారా, మీరు కూడా చూశారు. నిన్నట్నుంచీ మొత్తుకుంటున్నాను. మంచం కదులుతోందయ్యా అంటే ఒక్కడు వినడు. మందు ప్రభావమట. అలా అనిపిస్తుందట. డాక్టరు కూడా నా భుజం తట్టి, సహజం అన్నాడు. నాకు విరిగింది కాలు. తల కాదు."

అత్తయ్య కమ్మీ మీద అరచెయ్యి పెట్టి తోసింది. మంచం జరిగింది. వెనక్కి లాగింది. వచ్చింది.

"ఎవరైనా ఇక్కడ ఆనుకుని కూర్చుంటే?" అంది.

"అదే కదమ్మా. మా బావమరిది కూర్చున్నాడు నిన్న. వాడు ఊపిరి పీలిస్తే నేను కిటికీ దగ్గరికి వెళ్తున్నాను."

అత్తయ్య నావైపు తిరిగింది. ఆవిడ మొహంలో ఏముందో నేను సరిగ్గా చెప్పలేను. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో లైను కలిసినప్పుడు ఆపరేటర్ల మొహం అలా ఉండేదేమో.

"ఒరేయ్, కిందకి వంగి చూడు."

ప్యాంటు మురికవుతుందని ఒక్క క్షణం తటపటాయించి, నేల మీద కూర్చుని మంచం కిందకి తల పెట్టాను. నాలుగు చక్రాలున్నాయి. నాలుగింటికీ బ్రేకులు వేసే ఉన్నాయి.

"ఏం కనబడింది?" అంది పైనుంచి.

కాళ్లవైపు కుడి చక్రానికి బ్రేకు స్క్రూ సగమే బిగించి ఉంది.